లైకెన్: కొబ్బరిచెట్టుని కొడుకుతో పోల్చాలంటే ఇంగ్లిష్‌లో ఎలా రాయాలి

ఇంగ్లిష్ పేపర్ చదివే అలవాటున్నవాళ్లకి ‘లైకెన్’ అనే క్రియ కంటబడే ఉంటుంది. అక్షరాలు ఎల్, ఐ, కె, ఇ, ఎన్. ఎడిటోరియల్‌లో వస్తుంది, పుస్తక సమీక్షలో వస్తుంది, నాయకుల ప్రసంగాల వార్తల్లో వస్తుంది. బస్టాండులోనూ కిరాణా కొట్లోనూ మాత్రం ఎవరూ అనరు. శ్రీకాకుళంలో నా దగ్గరకి బ్యాంకు పరీక్షల డిస్క్రిప్టివ్ పేపర్‌కీ, గ్రూప్స్‌కీ, ఐఈఎల్‌టీఎస్‌కీ చదువుకోడానికి పిల్లలు వస్తుంటారు. ఈ మాట చదివితే అర్థం చేసుకుంటారు గాని, రాయాల్సి వచ్చేసరికి వదిలేసి ‘కంపేర్’ పట్టుకుంటారు. వదిలెయ్యక్కర్లేదు. సరైన చోట పడితే ఈ ఒక్క క్రియ పేరాకి ఎంత నిండుతనం తెస్తుందో నేను చూస్తూనే ఉన్నాను. అందుకే వాడే పద్ధతి వివరంగా రాస్తున్నాను.

ముందు అర్థం. ఒక మనిషినో వస్తువునో జరిగిన సంగతినో తీసుకుని, ఇది ఫలానా దానిలాంటిది అని ఒకరు చెప్పడమే లైకెన్. వైడ్ అనే మాట నుంచి వైడెన్ వచ్చింది, అంటే వెడల్పు చేయడం. షార్ట్ నుంచి షార్టెన్, డార్క్ నుంచి డార్కెన్. ఆ వరసలోదే లైక్ నుంచి వచ్చిన లైకెన్. ఇక్కడి లైక్‌కి ‘ఇష్టపడు’ అని కాదు, ‘లాంటి’ అని అర్థం. కాబట్టి ‘ఐ లైకెన్ మై టీచర్’ అని రాస్తే మా టీచరంటే నాకిష్టం అని రాదు. మా టీచర్ని దేనితోనో పోలుస్తున్నాను, దేనితోనో చెప్పలేదు అన్నట్టు వాక్యం సగంలో ఆగిపోతుంది. పలకడంలో ‘లై’ మీద నొక్కు పడుతుంది, చివరి ‘కెన్’ దాదాపు మింగేసినట్టు తేలికగా వస్తుంది. పాత గోడల మీదా చెట్ల బెరడు మీదా మచ్చల్లా పట్టే ఒక జీవిని కూడా ఇంగ్లిష్‌లో ఇలాగే పలుకుతారు, దాని స్పెల్లింగ్‌లో ‘కె’ బదులు ‘సి, హెచ్’ ఉంటాయి. డిక్టేషన్ పెట్టినప్పుడు వాక్యం మొత్తం విని రాయాలి.

ఈ క్రియ ఎలా పనిచేస్తుందో తెలుసుకోడానికి మన తెలుగు వ్యాకరణమే బాగా పనికొస్తుంది. బళ్లో ఉపమాలంకారం చదువుకున్నాం కదా. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు భాగాలు. దేన్ని పోలుస్తున్నామో అది ఉపమేయం, దేనితో పోలుస్తున్నామో అది ఉపమానం, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న గుణం సమానధర్మం, ‘వలె’, ‘లాగ’ లాంటివి ఉపమావాచకాలు. లైకెన్ వాక్యంలో ‘వలె’ చేసే పనిని ‘లైకెన్’, ‘టు’ కలిసి చేస్తాయి. దీనికి తోడు ఐదో భాగం ఒకటి ఉంటుంది, పోల్చేవాడు. ‘ఆమె ముఖం చంద్రబింబంలా ఉంది’ అన్నప్పుడు ఆ మాట ఎవరన్నారో వాక్యంలో కనిపించదు. లైకెన్‌లో కనిపిస్తాడు. వరస ఇది: పోల్చేవాడు, లైకెన్, ఉపమేయం, టు, ఉపమానం. సమానధర్మం కావాలంటే చివర చేరుతుంది.

వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడినే తీసుకుందాం. గొలుసులు తెంపాడని, గుండె మీద ఏనుగుని నిలబెట్టుకున్నాడని, కదిలే కార్లని ఆపేశాడని మన వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన్ని కలియుగ భీముడు అన్నారు. ఇంగ్లిష్‌లో చెప్పాలంటే:

‘పీపుల్ లైకెన్డ్ రామ్మూర్తి నాయుడు టు భీమ ఫర్ హిజ్ స్ట్రెంగ్త్.’

పీపుల్ పోల్చినవాళ్లు, రామ్మూర్తి నాయుడు ఉపమేయం, భీముడు ఉపమానం, చివరనున్న స్ట్రెంగ్త్ సమానధర్మం. అయిదూ దొరికాయి. ఇదే మనిషికి ‘ఇండియన్ హెర్క్యులస్’ అనే పేరు కూడా ఉంది. మనకి భీముడు చెప్తే చాలు. భీముడెవరో తెలియని దేశాల్లో ప్రేక్షకులకి గ్రీకు పురాణాల హెర్క్యులస్‌ని చూపించాలి. మనిషి ఒక్కడే, బలం ఒక్కటే, వినేవాళ్లు మారేసరికి ఉపమానం మారింది. లైకెన్ వాడేటప్పుడు మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: ‘టు’ తర్వాత నేను పెట్టే మాట చదివేవాడికి తెలుసా?

దీన్నుంచే ఇంకో సంగతి కూడా తేలుతుంది. ఎక్కువ తెలిసినది ఎప్పుడూ ‘టు’ తర్వాతే ఉండాలి. మన ఉద్దానాన్ని, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి, పనస తోటల ప్రాంతాన్ని, కోనసీమతో పోల్చడం మామూలే. ‘ఉద్దానం ఈజ్ ఆఫెన్ లైకెన్డ్ టు కోనసీమ’ అంటే బాగుంటుంది. తిరగేసి ‘కోనసీమ ఈజ్ లైకెన్డ్ టు ఉద్దానం’ అంటే వ్యాకరణం తప్పు కాదు గాని చదివేవాడు తికమకపడతాడు. ఇక ఢిల్లీ నుంచో బయటి దేశం నుంచో చదివేవాడి కోసం రాస్తుంటే కోనసీమ కూడా పనికిరాదు, కేరళ అనాలి.

అందరూ తడబడేది ‘టు’ దగ్గరే. కారణం మన తెలుగులోనే ఉంది. పోల్చడానికి మనం ‘తో’ వాడతాం: భీముడితో పోల్చారు, కోనసీమతో పోల్చారు. ‘తో’ అనగానే పిల్లల చేతికి ‘విత్’ వచ్చేస్తుంది. ‘లైకెన్డ్ విత్’ అని రాసేస్తారు. లైకెన్ పక్కన ‘విత్’ రాదు. ‘యాజ్’ రాదు. ‘లైకెన్డ్ లైక్’ అసలే రాదు. ‘టు’ ఒక్కటే.

మరి కంపేర్ పక్కన ‘విత్’ వస్తుంది కదా అని అడుగుతారు. ‘రెండూ పోల్చడవే కదా మేడమ్, మళ్లీ తేడా ఏటి?’ అన్నాడు ఒకబ్బాయి. మంచి ప్రశ్న. మన ‘పోల్చు’ రెండు పనులు చేస్తుంది. చంద్రుడితో ముఖాన్ని పోలుస్తాం, పోయినేడు పంటతో ఈ ఏడు పంటనీ పోలుస్తాం. మొదటిదాంట్లో పోలిక చూపించడమే పని. రెండోదాంట్లో రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎక్కువ తక్కువలు తేల్చాలి. లైకెన్ మొదటి పనికి మాత్రమే వస్తుంది. రెండో పనికి ‘కంపేర్ విత్’ కావాలి. పాత పద్ధతిలో ఇంగ్లిష్ నేర్పినవాళ్లు ‘కంపేర్ టు’ అంటే పోలిక చెప్పడం, ‘కంపేర్ విత్’ అంటే పరిశీలించి తేడాలు చూడడం అని విడదీసి చెప్పేవారు. ఈ రోజుల్లో చాలామంది రెండూ కలిపేస్తున్నారు గాని, పరీక్ష రాసేవాళ్లు ఆ తేడా పాటిస్తే నష్టం లేదు.

మనకి తెలిసిన తుఫాన్లతోనే చూద్దాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. ఏ తుఫాను ఎక్కడ ఎక్కువ దెబ్బ తీసింది, గాలి ఎంత, వాన ఎంత అని రాయాలంటే ‘కంపేర్ తిత్లీ విత్ హుద్‌హుద్’. అక్కడ లైకెన్ పెడితే వాక్యం తేలిపోతుంది. లెక్కలూ కొలతలూ ఉన్నచోట లైకెన్‌కి పని లేదు. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రైటింగ్ మొదటి టాస్కులో గ్రాఫుల్లాంటివి ఇస్తారు. ‘ద సేల్స్ ఇన్ 2010 ఆర్ లైకెన్డ్ టు ద సేల్స్ ఇన్ 2020’ అని రాసిన కాగితాలు నా చేతికి వస్తుంటాయి. అక్కడ రాయాల్సింది ‘కంపేర్డ్ విత్’, లేదా ‘సిమిలర్ టు’. శ్రీకాకుళం ఎండ విజయనగరం ఎండలాగే ఉంది అనడానికీ అంతే, ‘సిమిలర్ టు’ చాలు. లైకెన్‌కి ఒక ఊహ కావాలి, ఒకదాన్ని చూస్తూ ఇంకోటి గుర్తు చేసుకునే మనిషి కావాలి.

అలాంటి మనిషి ఒకరు కవిటి వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి రాతలో దొరికారు, వాళ్ల తాతగారు. గుర్తుండిపోయిన విపత్తు గురించి ఇంగ్లిష్‌లో ఒక పేజీ రాయమంటే తిత్లీ గురించి రాసింది. అందులో ఒక వాక్యం ఇలా ఉంది:

‘మై గ్రాండ్‌ఫాదర్ లైకెన్ కోకోనట్ ట్రీ విత్ సన్.’

వాక్యంలో తప్పులున్నాయి, విషయం మాత్రం బంగారం. మార్కులు వేసి పక్కన పెట్టేసే వాక్యం కాదిది. కూర్చోబెట్టి అడిగాను, ‘ఏ విషయంలో కొడుకులాంటివమ్మా?’ అని.

‘కొడుకులే మేడమ్. కాయ దింపినప్పుడల్లా ఇంట్లోకి డబ్బులొచ్చేవి. మా నాన్న బయటికెళ్లిపోయినా తాతకి బెంగుండేది కాదు, సెట్లున్నాయి గదా అనీవోడు.’

సమానధర్మం దొరికింది: ఇంటిని పోషించడం. ఇక వాక్యం సరిచేశాం. తాత అప్పట్లో అన్న మాట కాబట్టి ‘లైకెన్డ్’. చివర ‘డి’ పలికినప్పుడు సరిగా వినబడదు, అందుకే రాసేటప్పుడు చాలామంది వదిలేస్తారు. ఏదో ఒక కొబ్బరిచెట్టు కాదు, ఆయన చెట్లు, కాబట్టి ‘హిజ్ కోకోనట్ ట్రీస్’. ‘విత్’ తీసేసి ‘టు’. ట్రీస్ బహువచనం కాబట్టి సన్ కూడా బహువచనం కావాలి. కొడుకంటే పసివాడా, ఎదిగినవాడా? సంపాదించి పెట్టేవాడు కాబట్టి ‘గ్రోన్ సన్స్’. చివరికి ఇలా తయారైంది:

‘మై గ్రాండ్‌ఫాదర్ లైకెన్డ్ హిజ్ కోకోనట్ ట్రీస్ టు గ్రోన్ సన్స్ హూ ఫెడ్ ద హౌస్. ఆన్ ద మార్నింగ్ ఆఫ్ తిత్లీ హి స్టుడ్ ఇన్ ద గ్రోవ్ అండ్ కౌంటెడ్ ద ఫాలెన్.’

రెండో వాక్యం పూర్తిగా ఆ అమ్మాయిదే, నేను ముట్టుకోలేదు. మొదటి వాక్యంలో చెట్లు కొడుకులయ్యాయి కాబట్టే రెండో వాక్యంలో ‘ఫాలెన్’ అనే మాటకి అంత బరువొచ్చింది. ‘వియ్ లాస్ట్ మెనీ ట్రీస్’ అని రాసుంటే అది నష్టపరిహారం ఫారంలో రాసిన లెక్కలా మిగిలిపోయేది. పోలిక పెట్టిన తర్వాత దాన్ని వదిలెయ్యకుండా తర్వాతి వాక్యంలోకి తీసుకెళ్లండి. అది వస్తే ఈ క్రియ వచ్చినట్టే.

ఇక కర్మణి ప్రయోగం. పేపర్లలో లైకెన్ ఎక్కువగా ‘హ్యాజ్ బీన్ లైకెన్డ్ టు’, ‘ఈజ్ ఆఫెన్ లైకెన్డ్ టు’ అనే రూపాల్లోనే కనిపిస్తుంది. ఇందులో పోల్చేవాడు మాయమైపోతాడు. ఆ పోలిక చాలామంది నోట ఉన్నదైతే సరే, ఉద్దానం, కోనసీమ పోలిక అలాంటిదే. ఎవరో ఒక్కరన్న మాటని అందరూ అన్నట్టు రాయడానికి మాత్రం దీన్ని వాడకండి. విలేకరులు ‘ద లీడర్ లైకెన్డ్ ద బిల్ టు...’ అని పేరు పెట్టి రాయడంలో ఒక జాగ్రత్త ఉంది. ఆ పోలిక ఆ నాయకుడిదే, పేపరుది కాదు అని చెప్పడం అది. మీ వ్యాసంలో కూడా ‘ఈజ్ లైకెన్డ్’ అని రాయగానే ‘బై హూమ్?’ అని మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకోండి. సమాధానం ఉంటే ఆ పేరుతోనే వాక్యం మొదలుపెట్టండి.

మీ సొంత పోలికైతే ‘మైట్’, ‘కుడ్’, ‘వుడ్’ తోడు చేసుకుంటే మర్యాదగా ఉంటుంది. విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం ఎప్పుడూ చూడనివాడికి ఆ సిరిమానుని ఎలా చెప్తారు? దసరా వెళ్లిన మంగళవారం, కొసకి పోయేకొద్దీ సన్నబడే పొడుగాటి చింతమాను, ఆ కొసన ఎత్తులో కూర్చున్న పూజారి, మూడు లాంతర్ల కూడలి దగ్గర గుడి నుంచి కోట దాకా మూడుసార్లు ఊరేగింపు, కింద ఇసకేస్తే రాలని జనం. ఒకబ్బాయి క్రేన్‌తో పోల్చాడు. ఆకారం కొంత కుదిరింది గాని, క్రేన్ అనగానే కట్టడం పనులూ దుమ్మూ గుర్తొస్తాయి, అమ్మవారు గుర్తురారు. ఉపమానం తనతోపాటు తన వాసన కూడా మోసుకొస్తుంది. ఓడ తెరచాప స్తంభం అయితే ఎత్తూ, సన్నదనమూ, కొసనున్న మనిషీ కుదురుతాయి, గౌరవం కూడా నిలుస్తుంది.

‘ఎ విజిటర్ మైట్ లైకెన్ ద సిరిమాను, ఇన్ షేప్, టు ద మాస్ట్ ఆఫ్ ఎ షిప్.’

మధ్యలో పెట్టిన ‘ఇన్ షేప్’ చూడండి. పోలిక ఆకారం వరకే, అంతకు మించి కాదు అని అది హద్దు గీస్తుంది. పవిత్రమైన విషయాలు రాసేటప్పుడూ, మనుషుల్ని దేనితోనైనా పోల్చేటప్పుడూ ఈ హద్దు తప్పకుండా పెట్టాలని నా అభిప్రాయం. ఒక కులాన్నో ఒక ఊరి మనుషుల్నో జంతువులతో లైకెన్ చేసిన వాక్యం నా దగ్గరికి వస్తే కొట్టేస్తాను. వ్యాకరణం ఎంత బాగున్నా కొట్టేస్తాను.

వ్యాకరణంలో ఇంకొక్క మెలిక ఉంది. ఇక్కడి ‘టు’ ప్రిపోజిషన్. ‘టు గో, టు సీ’ల్లో వచ్చే ‘టు’ వేరు. కాబట్టి దీని తర్వాత క్రియ పెట్టాలంటే ‘ఇంగ్’ రూపం రావాలి. రిజల్ట్స్ కోసం ఎదురుచూడడం నాగావళి వరద పెరుగుతుంటే గట్టున నిలబడి చూడడంలా ఉందని చెప్పాలనుకోండి: ‘షి లైకెన్డ్ వెయిటింగ్ ఫర్ ద రిజల్ట్స్ టు వాచింగ్ ద నాగావళి రైజ్.’ ‘టు వాచ్’ అంటే తప్పు. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు’లో ఉన్నదీ ఈ ‘టు’నే.

చుట్టాల్లాంటి మాటలు రెండున్నాయి, కలిపెయ్యకండి. ‘రిజెంబుల్’ అంటే ఆ వస్తువే ఇంకో దానిలా కనిపించడం, పోల్చేవాడితో పని లేదు, దాని పక్కన ‘టు’ కూడా రాదు. ‘షి రిజెంబుల్స్ హర్ మదర్’ చాలు. ‘ఈక్వేట్’ ఇంకా బరువైనది. రెండూ ఒకటే, సమానమే అని తేల్చడం, దానికి ‘విత్’ ఎక్కువగా వస్తుంది. డబ్బునీ సుఖాన్నీ ఈక్వేట్ చేశాడు అంటే ఆ మనిషి దృష్టిలో రెండింటికీ తేడా లేదని అర్థం. లైకెన్ అంత దూరం వెళ్లదు, ఒక్క గుణంలో పోలిక చెప్పి ఆగిపోతుంది.

ఎక్కడ వాడాలో కూడా చెప్పాలి. వ్యాసాల్లో, ప్రసంగాల్లో, పుస్తకం గురించి రాసేటప్పుడు, యూనివర్సిటీకి పంపే స్టేట్‌మెంట్‌లో వాడండి. స్నేహితులకి వాట్సాప్‌లో ‘ఇట్స్ లైక్’ అంటే సరిపోతుంది, అక్కడ లైకెన్ పెడితే పట్టుపంచె కట్టుకుని చేపల మార్కెట్‌కి వెళ్లినట్టుంటుంది. అధికారులకి రాసే అర్జీల్లోనూ వద్దు. అక్కడ జరిగింది జరిగినట్టు, తారీకులతో రాయాలి. వాడిన చోట కూడా పేజీకి ఒక్కటి చాలు, రెండోది మొదటిదాన్ని పలచన చేస్తుంది.

సాధన చేద్దామనుకునేవాళ్లకి పొందూరు ఖాదీ మంచి విషయం. అక్కడ సన్నఖాదీకి నూలు తియ్యబోయే ముందు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకి సన్నటి పళ్లు బారుగా ఉంటాయి. ఎప్పుడూ చూడనివాడికి ఆ దవడని దేనితో పోల్చి చెప్తారు? ఆ నూలు సన్నదనాన్ని దేనితో పోలుస్తారు? కాగితం మీద మొదట సమానధర్మం తెలుగులో రాసుకోండి, తర్వాత చదివేవాడికి తెలిసిన ఉపమానం వెతకండి, ఆ తర్వాతే ఇంగ్లిష్ వాక్యం మొదలుపెట్టండి. రాసిన వాక్యంలో ‘డి’ ఉందా, ‘టు’ ఉందా, పోల్చినవాళ్లెవరో తెలుస్తుందా అని చూసుకుని, దాని వెనక ఆ పోలికని అందుకునే రెండో వాక్యం కూడా రాయండి. దవడకి ‘ఎ ఫైన్ కోమ్’ (సన్నటి దువ్వెన) అని దాదాపు అందరూ రాస్తారు, అది తప్పేం కాదు. నూలు దగ్గర మాత్రం కొంచెం ఆగి, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఆ బట్టని చేత్తో తడిమి ఏమంటారో అడగండి.